తొమ్మిది గోళ్ళు

గులాబీ రంగు తొమ్మిది గోళ్ళ మీదే మిగిలింది, అదీ సగం సగం. కుడి బొటనవేలికి తెల్లటి కట్టు ఉంది.

మల్రే రెండు చేతులూ బల్ల మీద పరిచింది.

"రంగంతా తీసెయ్యవే జంగ్‌నిమ్. ఎల్లుండి ఆపరేషను. వేలికేదో క్లిప్పు పెడతారట, గోటికి రంగుంటే దానికి కళ్ళు కనపడవట."

జంగ్‌నిమ్ ఆకురాయి అందుకుంది.

కొరియా సముద్రతీరాన, టోంగ్‌యోంగ్ ఊరి చేపల బజారు వెనక సందులో ఆమె గోళ్ళ దుకాణం పెట్టి ఇరవై రెండేళ్ళు. ఆల్చిప్పలు విప్పే షెడ్డుల్లో పనిచేసే ఆడవాళ్ళు రెండు మూడు నెలలకోసారి వచ్చి, చితికిన గోళ్ళు బాగుచేయించుకుని, నాలుగు కబుర్లాడి పోతారు. రంగులు వేయించుకునే సోకు వాళ్ళలో ఎవరికీ లేదు.

మల్రే వాళ్ళందరిలోకీ చెయ్యి తిరిగిన మనిషి. ముప్పై ఏళ్ళుగా కుడి బొటనవేలు కత్తి మీద నొక్కిపెట్టి ఆల్చిప్పలు విప్పుతోంది.

"ఏమన్నారక్కా డాక్టరు?"

"కేన్సరట. గోటికి కూడా వస్తుందటే! కడుపుకొస్తుందని విన్నాను, రొమ్ముకొస్తుందని విన్నాను. నా గొప్ప చూడు, గోటికొచ్చింది."

మల్రే నవ్వింది. జంగ్‌నిమ్‌కి నవ్వు రాలేదు.

"రంగు ఊడాక మా అమ్మాయి బోరమ్ చూసి బూసాన్ ఆసుపత్రికి లాక్కెళ్ళింది. ముక్క తీసి పరీక్షకి పంపారు. ఇప్పుడేమో కణుపు దాకా వేలు తీసెయ్యాలంటున్నారు. మూడు నెలలు ముందొచ్చుంటే గోటితో పోయేదట."

ఆకురాయి ఆగిపోయింది.

జనవరిలో ఆ బొటనవేలి గోటి మీద నల్లగీత మొదటిసారి కనబడింది. గోరు మొదలు నుంచి కొస దాకా, పెన్సిలుతో గీసినట్టు సన్నగా ఉంది. దెబ్బేలే అనుకుంది జంగ్‌నిమ్. ఆ షెడ్డుల్లో నల్లగోరు లేని ఆడది లేదు. దెబ్బ నలుపైతే గోటితో పాటు పెరిగి, కొసకి జరిగి, కత్తెరతో పోతుంది.

మార్చిలో, కూతురు పెళ్ళికి ముందు రోజు, మల్రే మళ్ళీ వచ్చింది. బుద్ధెరిగాక మొదటిసారి గోళ్ళకి రంగు వేయించుకుంటానంది.

గీత ఎక్కడిదక్కడే ఉంది. గోరు మొదలు దగ్గర వెడల్పైంది. పక్క చర్మానికి కూడా నలుపు పాకింది.

దెబ్బ నలుపైతే ఈపాటికి కొసకి జరిగి ఉండాలి.

"అక్కా..."

"ఏమిటే?"

పెళ్ళి తేదీ పెట్టుకున్న ఇంటివాళ్ళు అపశకునమని అయినవాళ్ళ చావుకి కూడా వెళ్ళరు. తెల్లారితే పెళ్ళనగా, ఆ తల్లి ముందు ఆసుపత్రి మాట ఎత్తడానికి నోరెలా వస్తుంది?

"ఏం లేదక్కా. ఈ లేత రంగు నీ పట్టుబట్టలకి బాగా నప్పుతుంది."

లేత రంగుకి గీత దాగలేదు. మూడు పూతలు వేసింది. ఆ ఒక్క వేలికి నాలుగోది కూడా వేసింది.

పెళ్ళవగానే చెబుదామనుకుంది. పెళ్ళయింది. ఫోను ఒళ్ళోనే ఉంది. రేపు చేద్దాం, రేపు చేద్దాం అనుకుంటుండగానే జూన్ వచ్చింది. పాపిష్టి రేపు.

ఇప్పుడు ఒక్కో గోటి మీదా మందులో ముంచిన దూది పెట్టి, పైన వెండిరేకు చుట్టింది. రంగు మెత్తబడేదాకా పావుగంట ఆగాలి.

"చెప్పలేదు కదూ," అంది మల్రే. "పెళ్ళిలో మా వియ్యపురాలూ నేనూ చెయ్యీ చెయ్యీ పట్టుకుని వెళ్ళి కొవ్వొత్తులు వెలిగించామా, ఆవిడ నా వేళ్ళు చూసి 'ఎంత ముద్దుగా ఉన్నాయండీ' అంది. చిప్పలు కొట్టే చేతులని పసిగడితే ఒట్టు! అంతా నీ చలవే."

జంగ్‌నిమ్ ఇక ఓర్చుకోలేకపోయింది.

"అక్కా, నేనప్పుడే చూశాను."

వీధిలో చేపలబండి వాడి కేక వచ్చి, దూరమైపోయింది.

"మొన్న మార్చిలోనే అక్కా. అది దెబ్బ కాదని నాకు తెలుసు. చెబుదామనుకున్నాను. నోరు పెగల్లేదు. నన్ను తిట్టు, నాలుగు వెయ్యి."

"నాలుగో పూత ఆ ఒక్క వేలికే వేశావు," అంది మల్రే. "నేను చూడలేదనుకున్నావా?"

జంగ్‌నిమ్ తలెత్తింది.

"ఎందుకే అని నేనూ అడగలేదు. అడిగితే ఏం చెబుతావోనని."

దుకాణం ముందు కారు ఆగింది. మల్రే గొంతు తగ్గించింది.

"బోరమ్ వస్తోంది. దాని ముందు ఈ మాట ఎత్తకు. దాని పెళ్ళి కోసం మనిద్దరం నోరు మూసుకున్నామని తెలిస్తే, అది జన్మలో తేరుకోదు."

బోరమ్ లోపలికొచ్చి తల వంచి దండం పెట్టింది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. తల్లి పక్కన ముక్కాలిపీట లాక్కుని కూర్చుని, ఆ కట్టుకేసే చూస్తూ ఉండిపోయింది.

జంగ్‌నిమ్ రేకులు విప్పడం మొదలుపెట్టింది. మెత్తబడిన రంగు పొరలు పొరలుగా ఊడి వస్తోంది.

"పిన్నీ," అంది బోరమ్. "మా పెళ్ళికి అమ్మ గోళ్ళకి రంగు వేసింది నువ్వే కదా. అప్పుడు ఈ గోటికి ఏమీ లేదా?"

జంగ్‌నిమ్ చేతిలో మల్రే చెయ్యి బిగుసుకుంది.

"ఏమీ లేదమ్మా," అంది జంగ్‌నిమ్. "చూసుంటే చెప్పకుండా ఉంటానా?"