గేటు వదిలేసిన మనిషి

"ఇంకా ఎంత దూరం?" అంది బస్సు కండక్టరు, బైకు నడుపుతున్న వడ్రంగి భర్త వీపు మీద వేలితో పొడుస్తూ.

"పొడిస్తే బండి నడవదే. పదహారు కిలోమీటర్లు."

"రైలు తొమ్మిదీ ఇరవైకి. ఆగేది రెండే నిమిషాలు."

"తెలుసు."

"తెలిసే పొద్దున్నే చైను బిగిస్తూ కూర్చున్నావా?"

వడ్రంగి యాక్సిలరేటర్ మెలిపెట్టాడు.

తొమ్మిదేళ్ళ కూతురు పెద్దమ్మ ఊరి నుంచి మొదటిసారి ఒంటరిగా రైల్లో వస్తోంది. ఒంటరిగా పంపమన్నది అతను. వద్దన్నది ఆమె. నిన్న సాయంత్రం మొదలైన గొడవ బైకెక్కి వాళ్ళతో పాటే వస్తోంది.

పొలాల మధ్య మట్టి రోడ్డు మలుపు తిరిగింది.

ఎదురుగా రైల్వే గేటు. వేసి ఉంది.

అప్పటికే రెండు ట్రాక్టర్లు, ఒక పాల వ్యాను ఆగి ఉన్నాయి.

"ఎంతసేపయింది అన్నా?" వ్యాను డ్రైవర్ని అడిగాడు వడ్రంగి.

"పది నిమిషాలు. రైలూ లేదు, కూతా లేదు."

"గేటు మనిషేడి?"

డ్రైవరు గడ్డంతో చూపించాడు.

దూరంగా పట్టాల మీద ఒక బట్టతల మనిషి పరుగెడుతున్నాడు. ఒంటి మీద నారింజ రంగు కోటు. చంకలో సంచి.

"గేటుకు తాళం పెట్టాడు. గదిలోకెళ్ళి ఫోన్లో హలో హలో అని గొంతు చించుకున్నాడు. తర్వాత ఆ సంచి తీసుకుని లగెత్తాడు."

"ఎవరితో గొడవో?"

"ఇంకెవరితో? పెళ్ళాంతో అయ్యుంటుంది" అన్నాడు డ్రైవరు.

కండక్టరు బైకు దిగింది. టికెట్టు తీసుకోనివాణ్ణి డ్రైవరు పక్క నుంచే వెనక సీట్లో లేపి నిలబెట్టే గొంతు ఆమెది.

"ఏయ్ గేటు మనిషీ, వెనక్కి రా."

అతను ఆగలేదు. ఒక్క చేయి మాత్రం వెనక్కి ఊపాడు.

"చూశావా, పొమ్మంటున్నాడు. ఎలా పోవాలి, ఎగిరా?"

ఆమె ఫోను తీసి వీడియో పట్టింది. ఖాళీ గది. వేసిన గేటు. పారిపోతున్న మనిషి.

"నేను బస్సు మధ్యలో వదిలేసి దిగిపోతే మా డిపోలో ఊరుకుంటారా? వీడికి మాత్రం అడిగేవాడు లేడు."

టైము ఎనిమిదీ యాభై ఐదు.

"నీ సంచిలో సుత్తి ఉందిగా" అంది.

వడ్రంగి నసిగాడు. "రైల్వే గేటే అది. కేసవుతుంది."

"బిడ్డ స్టేషన్లో దిక్కులు చూస్తూ నిలబడితే ఏమవుతుందో అది కూడా చెప్పు."

నాలుగో దెబ్బకు తాళం ఊడింది.

పాల వ్యాను వాళ్ళకంటే ముందే దాటింది.

స్టేషన్ చేరేసరికి తొమ్మిదీ పదహారు. ప్లాట్‌ఫారం నిండా జనం. రైలు లేదు.

"లేటు" అన్నాడు కూలీ.

"ఎంత లేటు?"

"వచ్చాక చెబుతా."

"వెటకారమా?"

"కాదమ్మా. నాకూ అప్పుడే తెలుస్తుంది."

పది దాటింది. పదకొండు దాటింది. ఎందుకు లేటో చెప్పేవాడు లేడు.

కండక్టరు ఊరికే కూర్చోలేదు. వీడియోను తనకున్న గ్రూపులన్నిటికీ పంపింది. కింద రాసింది: 'జనాన్ని గాలికొదిలి పారిపోయిన గేటు మనిషి.'

పక్క బెంచీ మీదివాళ్ళ ఫోన్లోకి అదే వీడియో వచ్చింది.

"ఇలాంటివాణ్ణి ఉద్యోగంలోంచి కాదు, భూమ్మీంచే పీకెయ్యాలి" అన్నాడు ఒకడు.

"గేటు దగ్గర మనిషే లేకపోతే రైలెలా కదులుతుంది?" అన్నాడు వడ్రంగి. అంతవరకు భార్య మీదున్న కోపం అతనికిప్పుడు దారి మార్చుకుంది. "ఈ లేటంతా వాడి పుణ్యమే."

"నా బిడ్డ ఎక్కడ ఆగిపోయిందో, మంచినీళ్ళయినా తాగిందో లేదో" అంది ఆమె. "వాడు నా కంట పడాలి. అంతే."

పదకొండూ నలభైకి రైలు వచ్చింది. నడిచే మనిషి కూడా దాన్ని దాటిపోగలడు, అంత మెల్లగా.

ఆగీ ఆగకముందే చివరి పెట్టెలోంచి ఒక మనిషి దిగాడు. బట్టతల. నారింజ రంగు కోటు.

"వాడే" అన్నారెవరో, ఫోన్లోకీ, మనిషి వైపూ మార్చి మార్చి చూస్తూ.

జనం మూగారు. అందరికంటే ముందు కండక్టరు చేరింది.

అతను వెనక్కి తిరిగి, పెట్టె తలుపు వైపు రెండు చేతులూ చాపి నిలబడ్డాడు.

ఆమె అతని భుజం పట్టి తిప్పింది. చెంప పగలగొట్టింది.

అతను తూలి పెట్టెకు ఆనుకున్నాడు. కాళ్ళకు చెప్పుల్లేవు. రెండు పాదాలూ కంకరకు చీరుకుపోయి రక్తం కారుతున్నాయి. చెంప తడుముకోలేదు.

"అమ్మా, గేటు వేసే ఉందా?" అన్నాడు ఊపిరి కూడదీసుకుంటూ.

"తాళం పగలగొట్టాం. ఏం చేస్తావు?" అన్నాడు వడ్రంగి.

అతను ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

"ఎవరికీ ఏం కాలేదుగా?"

"నీకిప్పుడవుతుంది" అంది కండక్టరు. మళ్ళీ చెయ్యెత్తింది.

ఎత్తిన చెయ్యి ఎత్తినట్టే ఉండగా, తలుపులోంచి ఒక పిల్ల కిందికి దూకి ఆ మనిషి నడుము వాటేసుకుంది.

అది వాళ్ళ కూతురే.

"కొట్టకమ్మా, పట్టా విరిగిపోయిందని ఎర్ర జెండా పట్టుకుని మా రైలుకు ఎదురు పరుగెత్తుకొచ్చిన తాత ఈయనే, నీకు చూపిద్దామనే తీసుకొస్తున్నా."