ఎడమ మీట

ఎలుక ఎడమ మీట నొక్కింది.

"తాగిందా?" అన్నాడు, ల్యాబులో పనిచేసే భార్యను వ్యానెక్కించుకోవడానికి తూలుతూ వచ్చిన స్కూలు వ్యాను డ్రైవరు.

"చుక్క పోయలేదు. తాగితే ఎడమ మీట, లేకపోతే కుడి మీట నొక్కడం నేర్పాం. ఇవాళ ఇచ్చింది మెదడులో సహజంగా తయారయ్యే స్టెరాయిడ్. దానికీ మందు కొట్టినట్టే మత్తెక్కుతుంది."

"చూశావా! నాదీ అదే. నేను ముట్టలేదు, నా మెదడే తయారుచేసింది!"

"మెదడు ఉన్నవాళ్ళ సంగతి చెబుతున్నాను." ఆవిడ రెండు చేతులూ చాపింది. "వ్యాను తాళాలివ్వండి. తాగితే ఎడమచేతిలో, తాగకపోతే కుడిచేతిలో పెట్టండి."

బయట వ్యానులో పిల్లలు గోల చేస్తున్నారు. అతను ఎలుకకేసి చూశాడు. తాళాలు ఆవిడ ఎడమచేతిలో పెట్టాడు.

"పరవాలేదే," అంది. "ఇన్నాళ్ళకి ఎలుకంతటివారయ్యారు."