పట్టుకెళ్ళని కప్పు

“మానేసేవోళ్ళు ముందుగా టీ కప్పు ఇంటికి పట్టుకుపోతారమ్మా. వారం ముందే నాకు తెలిసిపోద్ది,” అంది ఆఫీసులో టీ ఇచ్చే పుష్పరాణి, బల్ల తుడుస్తూ.

సుచరిత నవ్వింది. ఈ భవానీపూర్ ఆఫీసులో జనం ఎందుకు మానేస్తున్నారో తేల్చమని ఆమెను హైదరాబాదు నుంచి పిలిపించారు. నెల రోజులుగా ఉద్యోగుల రికార్డుల మీద లెక్కల టెస్టులు చేస్తోంది. ఇల్లు దూరమైనవాళ్ళే ఎక్కువగా పోతున్నారని నిన్న కై-స్క్వేర్ అనే గణాంకాల టెస్టులో తేలింది.

“ఒక్కడే నాకు అర్థమైతలేడు ఆంటీ. పక్క వీధిలనే ఇల్లు. ప్రమోషన్ కూడా వచ్చింది. అయినా రాజీనామా చేసిండు. ఇవాన్ అంట.”

పుష్పరాణి చేతిలో గుడ్డ ఆగిపోయింది. లోపలికి వెళ్ళి, అంచు పెచ్చు లేచిన నీలం కప్పు తెచ్చింది.

“ఇవాన్ బాబు ఇది పట్టుకెళ్ళనేదమ్మా. రోజూ కడిగి పెడతన్నాను.”

“మర్చిపోయిండేమో.”

“మా చర్చి పిల్లోడమ్మా. మీరు కూకున్న కుర్చీలోనే, పని చేస్తా చేస్తా పానం పోయింది. మార్చి పన్నెండున సమాధి చేసొచ్చాం.”

సుచరిత కుర్చీలోంచి లేచి నిలబడింది. నిలబడే కంప్యూటర్ తెర మీద ఇవాన్ పేరున్న వరసను మళ్ళీ చదివింది.

“అందులో ఏటి రాసుందమ్మా?”

“రాజీనామా చేసిండని. సొంత కారణాలని.” ఆమె గొంతు తగ్గింది. “మార్చి పద్నాలుగున.”

పుష్పరాణి కప్పును రెండు చేతులతో పట్టుకుంది.

“మరి ఆ రాజీనామా కాయితం ఎవరిచ్చారమ్మా?”