పెద్దరాయి మీద దొక్జా

ఆ రాయి మీద కూర్చోవడానికి దొక్జా ముప్ఫై ఏళ్ళు మునిగింది.

కొరియాలోని జెజు దీవిలో సముద్రం అడుగున నత్తలు ఏరే ఆడవాళ్ళందరికీ ఒడ్డున, రాళ్ళగోడ మధ్య, ఒకటే చలిమంట. దాని చుట్టూ ఎక్కడ పడితే అక్కడ చతికిలబడడానికి లేదు. కొత్తవాళ్ళకి పొగ. పాతవాళ్ళకి సెగ. పొగ సోకకుండా సెగ బాగా తగిలే పెద్దరాయి మాత్రం అందరికంటే లోతుకు మునిగేదానిది.

ఈ జనవరిలో ఆ రాయి మీదున్న చున్హ్వా తనంతట తానే లేచి, దొక్జాని చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది.

"ఇక నువ్వు కూర్చోవే. నాకేం, ఆ గోడ అవతల కూర్చుంటా."

"అయ్యో అక్కా! అవతల ఈదురుగాలి!"

"పెద్దరికమంటే పట్టుకోవడం కాదే పిచ్చిదానా, వదులుకోవడం."

అందరికీ కళ్ళు చెమ్మగిల్లాయి. దొక్జాకి మాత్రం ఒళ్ళంతా చెమ్మగిల్లింది.

అది భక్తి కాదు. వయసు నలభై తొమ్మిది. ఆరు నెలలుగా ఆమె నెలసరి కాస్తా నెలబేసి అయింది. నిద్ర పోయింది, పోయిన నిద్ర మళ్ళీ రాలేదు. ఉండుండి గుండెల్లోంచి ఆవిరి లేచి చెవుల దాకా తన్నుతోంది. అలాంటి ఒంటిని తెచ్చి మంట పక్కన పెడితే ఏముంది? పీఠం ఎక్కినట్టు లేదు, పెనం ఎక్కినట్టుంది.

పోనీ లేద్దామా అంటే, ఆ రాయి కోసం తర్వాతి వరసలో ఉన్న మల్సూన్ కాచుకుని ఉంది.

"ఏం దొక్జా అక్కా, మొహం అలా కందిపోయిందేం? ముట్లుడుగుతున్నాయా ఏం? ముట్లుడిగినదానికి నీళ్ళలో ఊపిరి నిలవదంటారు. కష్టంగా ఉంటే చెప్పు, నేను కూర్చుంటాలే."

"ఉడిగితే నీ నోరు ఉడగాలి. ఇది గర్వమే! మొహంలోకి పొంగుతోంది."

ముప్ఫై ఏళ్ళ ఆశ. నాలుగు రోజులు పళ్ళు బిగించి వేగింది. ఐదో రోజు ఎవరో మంటలో ఇంకో మోపు పడేశారు.

"పాపం, చున్హ్వా అక్క గడ్డకట్టిందో ఏమో, చూసొస్తా!" అని ఒక్క ఉరుకున గోడ దాటింది దొక్జా.

అక్కడ, కోటు గుండీలన్నీ విప్పేసి, నెత్తిన మంచుముద్ద పెట్టుకుని హాయిగా కూర్చున్న చున్హ్వా కాస్త పక్కకి జరిగి, "నాలుగు రోజులు ఓర్చుకున్నావే తల్లీ, నాకైతే ఈ ఆవిర్లు మొదలైన మర్నాడే ఆ రాయి నీకు అంటగట్టేశా!" అంది.