మా అమ్మాయి బస్సు

పరాయి దేశం వచ్చిన నాలుగో రోజున, ఊరు చూపిస్తానని మా అమ్మాయి తను నడిపే సిటీ బస్సులోనే నన్ను ఎక్కించింది.

ఏముంది చూడ్డానికి? ఊరంతా కడిగి బోర్లించిన గిన్నెలా ఉంది. గోడ మీద ఒక్క పోస్టరు లేదు, గుమ్మంలో ఒక్క మనిషి లేడు. ఎర్ర లైటు పడితే చాలు, ఖాళీ రోడ్డు మీద కూడా కట్టేసిన గొడ్లలా నిలబడతారు. ముప్ఫయ్యేళ్లు లారీ తోలినవాణ్ణి, నాకు ఒళ్లు మండింది.

"హారన్ కొట్టవే! ఆ కారువాడు నిద్రపోతున్నాడు."

"ఇక్కడ కొట్టకూడదు నాన్నా. కాసేపు ఊరుకో."

పక్కసీటు ముసలావిడ నవ్వింది. ఆవిడ భాష నాకు రాదు. అమ్మాయిని చూపించి, గాల్లో స్టీరింగు తిప్పి, నా గుండె మీద చరుచుకున్నాను. నా కూతురే, నేనే నేర్పానని.

ఆఖరి స్టాపులో ఆవిడ దిగుతూ అమ్మాయిని ఏదో అడిగింది.

"ఏమంటుందే ముసల్ది?"

"డ్రైవింగు మీ నాన్నే నేర్పాడా అంది."

"నువ్వేమన్నావు?"

"అవునన్నాను."

నా ఇంట్లో ఉన్నన్నాళ్లూ దాన్ని లారీ స్టీరింగు ముట్టుకోనివ్వలేదు. ఆడదానికెందుకే అని చెయ్యి మీద ఒక్కటిచ్చాను కూడా. ఇంత పెద్ద బండి దానికి ఎవరు నేర్పారో నేనింతవరకూ అడగనే లేదు.