ఓదార్పు పరీక్ష

పండితుడు గంట ఆలస్యంగా వచ్చాడు. వచ్చీ రాగానే అడిగిన మొదటి మాట, "నా మైకేదీ?"

మైకు అక్కర్లేదని పాస్టరుగారు నసిగారు. గదిలో ఉన్నది నలుగురే. ముగ్గురు సంఘపెద్దలు, తను. అయినా పండితుడు నిలబడే మాట్లాడాడు. మామూలు మనిషా మరి! నేటి కాలపు నీతి మీద, క్రైస్తవ విశ్వాసం మీద పెద్ద పట్టా పుచ్చుకున్నవాడు. కడుపులో బిడ్డ దగ్గర్నుంచి చేతిలో సెల్‌ఫోను దాకా, దేని గురించి దేవుడు ఏమనుకుంటున్నాడో దేవుడి కంటే ముందే చెప్పేస్తాడు.

భార్య పోయిన దుఃఖం మీద ఆయన రాసిన పుస్తకం ఆరుసార్లు అచ్చయింది. ఏ సభలోనైనా సరిగ్గా నలభయ్యో నిమిషంలో ఆ చావు కథ ఎత్తుకుంటాడు. నలభై రెండో నిమిషంలో జేబురుమాలు తీస్తాడు. జనం వెక్కి వెక్కి ఏడుస్తారు. ఏడవనివాళ్లని గుర్తుపెట్టుకుంటాడు.

ఇప్పుడు ఆయనతో పడ్డ పని ఇది. ఆ చర్చికి ఒక ఓదార్పు గది ఉంది. కష్టంలో ఉన్నవాళ్లు ఫోన్లో రాసి పంపితే, అక్కడ కూర్చున్న ఓదార్పమ్మ జవాబు రాస్తుంది. ఏడేళ్లుగా ఆవిడకి అదే పని, అదే బతుకుతెరువు. ఈమధ్య ఒక కంపెనీ వాళ్లు యంత్రాన్ని పట్టుకొచ్చారు. అదీ ఓదారుస్తుందట, సెలవు కూడా అడగదట. ఆత్మ లేనిది ఇంకో ఆత్మని ఎలా ఓదారుస్తుందని ఒక సంఘపెద్ద గోల. ఏడ్చేవాడికి ఎవరు రాస్తేనేం అని ఇంకో సంఘపెద్ద వాదన. తేల్చలేక పండితుణ్ణి పిలిపించారు.

పండితుడు తన బాధ ఏదో ఒకటి రాయాలి. ఎదురుగా రెండు తెరలు. ఒకదానిలో యంత్రం, ఒకదానిలో ఓదార్పమ్మ జవాబిస్తారు. మనిషెవరో ఆయన పోల్చుకుంటే ఆవిడ ఉద్యోగం నిలుస్తుంది. లేకపోతే ఊడుతుంది. ముందే ఆయన కంట పడకూడదని ఆవిణ్ణి పక్కగదిలో కూర్చోబెట్టారు.

పరీక్ష పెట్టేదెవరో చెప్పినప్పుడు ఆవిడ రాస్తున్న జవాబు సగంలో ఆపింది. తర్వాత, "ఆయనేనా? రానివ్వండి," అంది. పాపం, హడలిపోయిందనుకున్నారు పెద్దలు.

"నాకు ఐదు నిమిషాలు చాలు," అన్నాడు పండితుడు కుర్చీలో వాలుతూ. "దేవుడు మనిషిగా పుట్టాడు గానీ సాఫ్ట్‌వేర్‌గా పుట్టలేదు. ప్రాణమున్న మాటని నేను వాసన పట్టేస్తాను."

చేతికి అలవాటైన బాధే ఎంచుకున్నాడు. "నా భార్య చనిపోయి తొమ్మిదేళ్లు. ఈనాటికీ నాకు కంటిమీద కునుకు లేదు."

రెండో తెర మీద చిటికెలో జవాబొచ్చింది. "మీ దుఃఖం ముందు మౌనంగా మోకరిస్తున్నాను. ఇంతగా ప్రేమించడం మీకు దేవుడిచ్చిన వరం."

"ఆహా!" అన్నాడు పండితుడు.

మొదటి తెర చాలాసేపు ఖాళీగా ఉంది. ఆ తర్వాత ఒక్క ముక్క. "చివరిసారి ఆవిడతో ఏమన్నారు?"

పండితుడు మూతి తిప్పాడు. అయినా టకటకా కొట్టాడు. "ఆస్పత్రి మంచం పక్కన కూర్చుని, చెయ్యి పట్టుకుని, క్షమించమన్నాను. నవ్వుతూ కన్నుమూసింది."

"ఆ నవ్వులో మీకు పరలోకపు గుమ్మం కనిపించి ఉంటుంది," అంది రెండో తెర.

"నిజంగా క్షమించమన్నారా?" అంది మొదటిది, మళ్లీ ఆలస్యంగానే.

"చూశారా దీని పొగరు! ఏడ్చేవాణ్ణి పట్టుకుని పోలీసు ప్రశ్నలు!" అని పెద్దల వైపు తిరిగాడు. ఈసారి కసిగా రాశాడు. "ఆమె బట్టలు, పుస్తకాలు, ఆఖరికి ప్రాణంగా చూసుకున్న కుట్టు మిషను కూడా పేదలకిచ్చేశాను."

మొదటి తెర ఈసారి ఆలస్యం చేయలేదు. "ఆవిణ్ణి అడక్కుండానే?"

పండితుడు పొట్ట పట్టుకుని నవ్వాడు.

"ఇందాక రెండుసార్లూ ఆలోచించుకుని రాసినట్టుందండీ. మనిషేమో," అన్నాడు అందరిలోకీ పెద్దాయన.

"ఆలోచిస్తున్నట్టు నటించమని నేర్పుతారండీ దానికి. మీకివన్నీ ఏం తెలుస్తాయి లెండి! చచ్చిపోయిన మనిషిని అనుమతి అడగాలట! చావంటే ఏమిటో కూడా తెలియని వట్టి రేకుడబ్బా అది."

కాగితం లాక్కుని రాశాడు. 'మొదటి తెర వెనక ప్రాణం లేదు. ఇందులో నాకు సందేహం లేదు.' కింద సంతకం, సంతకం కింద బిరుదులు. చోటు చాలక రెండు బిరుదులు మార్జిన్లోకి పాకాయి.

పాస్టరుగారి మొహం పాలిపోయింది. "అయ్యగారూ, మొదటిదే మా ఓదార్పమ్మండీ."

సిగ్గున్నవాడైతే అక్కడితో నోరు మూసుకునేవాడు. ఈయనకి ఆ జబ్బు లేదు.

"అయితే మరీ ఘోరం! యంత్రానికున్నపాటి జాలి కూడా లేని మనిషికి ఏడేళ్లు జీతమిచ్చారా? ఇవాళే సాగనంపండి. పిలవండి ఆవిణ్ణి, నేనే మొహం మీద చెప్తాను."

యంత్రం వైపున్న పెద్ద అప్పుడే తలాడించేశాడు. మిగతా ఇద్దరూ నేల చూపులు చూశారు. పాస్టరుగారు కాళ్లీడ్చుకుంటూ వెళ్లి పక్కగది తలుపు తట్టారు.

ఓదార్పమ్మ కళ్లజోడు తుడుచుకుంటూ వచ్చి, పండితుడి ఎదురుగా నిలబడి, తాపీగా అడిగింది, "ఇంతకీ నా కుట్టు మిషను ఎవరికిచ్చేశారండీ?"