పది పాటలకు సరిపడా ఏడుపు

"ఇందులో ఏడుపేదండీ?" అన్నాడు మ్యూజిక్ కంపెనీ ఆయన, హెడ్‌ఫోన్స్ తీసి బల్ల మీద పెడుతూ.

స్టూడియోలో అద్దం అవతల మైకు ముందు గాయకుడు నవ్వుతూనే ఉన్నాడు. అతనికి ఇవతలి మాటలు వినబడవు.

"మీ మొదటి ఆల్బమ్ విని జనం బస్సుల్లో కూర్చుని ఏడ్చారు. ఎవరో పిల్ల కాదన్నదని పది పాటలు కట్టాడు మీవాడు. ఇప్పుడేమో కిటికీకి నీలం తెర, తెర వెనక మా ఆవిడ నవ్వు అంటాడు. పెళ్ళయి సుఖపడుతున్నాడు, సంతోషం. ఆ సుఖం కొనేదెవరు? నెలన్నరలో ఏడిపించే పాటలు కావాలి. లేదంటే ఎవరి దారి వాళ్ళది."

ఆయన వెళ్ళాక డ్రమ్స్ వాయించే పిడుగు కర్రలు ఒళ్ళో పెట్టుకుని చతికిలబడ్డాడు. అతన్ని అసలు పేరుతో వాళ్ళమ్మ కూడా పిలవదు.

"వదినా, వీడి సుఖం మన కొంప ముంచేలా ఉంది."

గిటార్ వాయించే ఆమె గాయకుడికి సొంత వదిన. అందుకని బ్యాండ్ మొత్తానికీ వదినే. తీగ సవరించి గిటార్ పక్కన పెట్టింది.

"వాణ్ని ఏడిపించగలిగే మనిషి ఒక్కతే ఉంది. పద."

ఆ ఒక్కతె గాయకుడి భార్య, పళ్ళ డాక్టరు. వీళ్ళు క్లినిక్‌కి వెళ్ళేసరికి మధ్యాహ్నం, రోగులెవరూ లేరు. పనిముట్లు తుడిచి ట్రేలో సర్దుతోంది. వదిన ముందు నీలం తెర పాట వినిపించింది. ఆమె చివరిదాకా విన్నది.

"ఆ తెర తీసేసి ఆరు నెలలైందక్కా" అంది.

పిడుగు పకపకా నవ్వాడు.

వదిన గొంతు సవరించుకుని విషయం చెప్పింది. ఒక్క నెల మొగుడితో పోట్లాడి వేరే ఉండాలి. ఆ దెబ్బకి పాటలొస్తాయి. పాటలు రాగానే ఇంటికొచ్చేయొచ్చు.

"నన్నే అడుగుతున్నారా ఇది?"

"పచ్చని కాపురంలో నిప్పులు పొయ్యమనడానికి నాకు మాత్రం నోరెలా వస్తుందే? కానీ ఈ ఆల్బమ్ పోతే బ్యాండే పోతుంది."

"నొప్పి తెలియకుండా పీకడం నీ పనే చెల్లెమ్మా" అన్నాడు పిడుగు. "ఈ ఒక్కసారికి నొప్పి తెలిసేలా పీకు."

ఆమె నవ్వింది కానీ ట్రే మీంచి కళ్ళెత్తలేదు. చివరి పనిముట్టు కూడా సర్ది "సరే" అంది.

రెండు రోజుల తర్వాత, గాయకుడు స్టూడియోలో ఉన్న వేళ చూసి, వదిన ఆమెకి సామాను సర్దడంలో సాయానికి వాళ్ళింటికి వెళ్ళింది. మంచం మీద రెండు పెద్ద పెట్టెలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి.

"నెలకేగా? చలికోట్లు కూడా ఎందుకే?"

"నమ్మాలంటే బీరువా ఖాళీగా కనబడాలిగా అక్కా."

ఆ సాయంత్రం గాయకుడికి నాలుగు ముక్కలు చెప్పేసి, క్లినిక్ పైనున్న గదిలోకి మారిపోయింది.

మర్నాడు అతను స్టూడియోకి వచ్చాడు కానీ గిటార్ పెట్టె మూత కూడా తీయలేదు.

"ఏమైందిరా?" అడిగింది వదిన, ఏమీ ఎరగనట్టు.

"ఏమో వదినా. నేనేమీ అనలేదు."

"ఆ ముక్కే దానితో చెప్పకపోయావా?"

"చెప్పాను. 'అవును, రెండేళ్ళుగా నువ్వేమీ అనలేదు' అంది."

అబ్బ, డైలాగులు కూడా రాసుకుందే, అనుకుంది వదిన మనసులో.

అయిదో రోజు నుంచి పాటలు మొదలయ్యాయి. ఇంట్లో తనకు తెలియకుండా మారిపోయినవన్నీ అతనికి ఒక్కొక్కటే కనబడసాగాయట. కిటికీకి తెర లేదు. గోడ మీద కొత్త రంగు. ఫ్రిజ్ తలుపుకి అంటించిన చీటీలో తన పుట్టినరోజు తర్వాత ఆమె పుట్టినరోజు, అతను మరిచిపోయాక ఆమే దాని మీద గీసిన గీత. గడ్డం పెరిగింది, గొంతు జీరబోయింది. మూడు వారాల్లో తొమ్మిది పాటలు. వదిన రెండుసార్లు నిజం చెప్పబోయింది. రెండుసార్లూ పిడుగు కాలు తొక్కాడు.

పదో పాట పేరు "ఊఁ".

*నువ్వు చెబుతుంటే ఊఁ కొట్టాను,*
*ఊఁ కొట్టడమే వినడమనుకున్నాను...*

ఒక్క టేకులో పాడేశాడు. కళ్ళు తుడుచుకునే హడావుడిలో పిడుగు ఒక దెబ్బ తప్పాడు. మళ్ళీ వాయిస్తానని అనలేదు, ఎవరూ అడగలేదు. కంపెనీ ఆయన రుమాలు వెతుక్కుంటూ "చాలు" అని లేచి బయటికి నడిచాడు.

మర్నాడే వదిన ఆ పాట పట్టుకుని క్లినిక్‌కి పరిగెత్తింది. ఆమె చేతి తొడుగులు తీయకుండానే విన్నది. మళ్ళీ పెట్టమంది. మూడోసారి కూడా విన్నది.

"ఈ పాట ఇలా రాయమని ఎవరైనా చెప్పారా అక్కా?"

"వాడికి చెప్పేవాళ్ళెవరే?"

ఆ సాయంత్రమే ఆమె ఇంటికి వెళ్ళింది. అతను పెట్టెలు అందుకున్నాడు. ఆల్బమ్ ఊసే ఎత్తలేదు. "ఇవాళ క్లినిక్‌లో ఏం జరిగింది?" అని అడిగి ఎదురుగా కూర్చున్నాడు. గంటసేపు ఆమె చెప్పింది. అతను ఒక్కసారి కూడా ఊఁ అనలేదు, మధ్యమధ్య ప్రశ్నలడిగాడు. దంతం పీకించుకోనని కుర్చీ దిగి పారిపోయిన ముసలాయన కథకి ఇద్దరూ కడుపు పట్టుకుని నవ్వారు.

ఆల్బమ్ విడుదల రోజున మ్యూజిక్ షాపు కిటకిటలాడింది. గాయకుడు సంతకాలు పెడుతూ ప్రతి రెండు నిమిషాలకీ తలెత్తి భార్య ఎక్కడుందో చూసుకుంటున్నాడు. వెనక అరల దగ్గర వదిన తోటికోడలి చెయ్యి పట్టుకుంది.

"నా మనసు ఒప్పుకోవట్లేదే. అదంతా మనం ఆడించిన నాటకమని వాడికి చెప్పేద్దాం. ఎంత ఏడిపించాం పిచ్చివాణ్ని! అయినా ఏం నటించావే తల్లీ, నేనే నమ్మేశాను."

ఆమె భర్తవైపు చూసి చిన్నగా చెయ్యి ఊపింది. తర్వాత వదిన చెవి దగ్గరికి వంగింది.

"మీరు అడగడానికి వారం ముందే క్లినిక్ పైన ఆ గది అద్దెకి మాట్లాడుకున్నానక్కా."